కళాశాల ల్యాబ్‌లో బ్యాష్ అలియాస్‌లను ఎక్కడ ఉంచాలి, ఎలా అదుపులో పెట్టాలి?

#1 పానగల్లు (నల్లగొండ)

నమస్కారం. నల్లగొండలో ఒక డిగ్రీ కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌ను చూసుకుంటున్నాను. యంత్రాలన్నింటిలోనూ ఉబుంటు, దానితో వచ్చే బ్యాష్ షెల్ (మనం కొట్టే ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రాం) ఉన్నాయి. ఇక్కడ ఇంతకుముందు పనిచేసినవారు తమకు తోచిన అలియాస్‌లను (ఆదేశాలకు పెట్టుకునే పొట్టి పేర్లను) తోచిన ఫైల్‌లో రాసి వెళ్లారు. కొన్ని .బ్యాష్‌ఆర్‌సీలో ఉన్నాయి, కొన్ని .ప్రొఫైల్‌లో ఉన్నాయి, మరికొన్ని /ఈటీసీ/ప్రొఫైల్.డీ డైరెక్టరీలో ఉన్నాయి. ఒక యంత్రంలో 'బీకే' అని కొడితే విద్యార్థుల ప్రోగ్రాములు సర్వర్‌కు నకలు అవుతాయి, పక్క యంత్రంలో అదే పేరు వేరే పని చేస్తుంది.

అందరికీ ఉమ్మడిగా ఉండవలసిన అలియాస్‌లను ఏ ఫైల్‌లో పెట్టాలన్నది నా మొదటి సందేహం. ఫైల్‌లోంచి ఒక అలియాస్‌ను చెరిపివేసి 'సోర్స్ ~/.బ్యాష్‌ఆర్‌సీ' అని కొట్టిన తరువాత కూడా ఆ పేరు ఎందుకు పనిచేస్తూనే ఉందో అర్థం కాలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, చేతితో కొడితే చక్కగా పనిచేసే 'బీకే', రాత్రి పూట క్రాన్ (నిర్ణీత సమయానికి పనులను తనంతట తానే నడిపే సేవ) ద్వారా నడిపిస్తే ఆదేశం దొరకలేదని లాగ్‌లో రాస్తోంది.

ఆదేశాలను ఇక్కడ ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని మామూలుగా ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి.

#2 కోయిల్‌సాగర్ (మహబూబ్‌నగర్)

పానగల్లు గారూ, మీ మూడు సందేహాలకూ మూలం ఒకటే. అలియాస్ అనేది ఆ క్షణంలో నడుస్తున్న ఒక షెల్ జ్ఞాపకంలో మాత్రమే ఉండే వస్తువు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఎక్స్‌పోర్ట్ చేస్తే అది ఆ షెల్ పుట్టించే ప్రతి ప్రక్రియకూ సంక్రమిస్తుంది కాని, అలియాస్‌కు అలాంటి వారసత్వం లేదు. ప్రతి కొత్త షెల్ ఏదో ఒక ఫైల్‌ను చదివి దానిని మళ్లీ తయారు చేసుకోవలసిందే. కనుక ఏ షెల్ ఏ ఫైల్‌ను చదువుతుందో తెలిస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

పాస్‌వర్డ్ ఇచ్చి కన్సోల్‌లోనో ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా వేరే యంత్రంలోకి వెళ్లే పద్ధతి) ద్వారానో లోపలికి వచ్చినప్పుడు తెరుచుకునేది లాగిన్ షెల్. అది ముందుగా /ఈటీసీ/ప్రొఫైల్‌ను, దాని ద్వారా ప్రొఫైల్.డీ డైరెక్టరీలోని ఫైళ్లను చదువుతుంది. ఆ తరువాత హోం డైరెక్టరీలో .బ్యాష్_ప్రొఫైల్, .బ్యాష్_లాగిన్, .ప్రొఫైల్ అనే మూడింటిని ఇదే క్రమంలో వెతికి, మొదట దొరికిన ఒక్కదానినే చదువుతుంది. డెస్క్‌టాప్ మీద టెర్మినల్ బొమ్మను నొక్కితే తెరుచుకునే షెల్ వీటిలో దేనినీ ముట్టుకోదు. ఉబుంటులో అది /ఈటీసీ/బ్యాష్.బ్యాష్‌ఆర్‌సీని, దాని వెంట మీ హోం డైరెక్టరీలోని .బ్యాష్‌ఆర్‌సీని చదువుతుంది. ప్రొఫైల్.డీలో ఎవరో రాసి పెట్టిన అలియాస్‌లు ఎస్‌ఎస్‌హెచ్‌తో వచ్చినవారికి కనిపించి, ల్యాబ్‌లో యంత్రం ముందు కూర్చున్న విద్యార్థికి కనిపించకపోవడానికి ఇదే కారణం. ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబంలో మాత్రం /ఈటీసీ/బ్యాష్‌ఆర్‌సీయే ప్రొఫైల్.డీని కూడా చదివిస్తుంది కనుక అక్కడ ఈ తేడా బయటపడదు. ఆ పద్ధతి చూసి నేర్చుకున్నవారు ఉబుంటుకు వచ్చి అయోమయపడుతుంటారు.

మీ ల్యాబ్‌కు ఉమ్మడి అలియాస్‌లు ఉండవలసిన చోటు /ఈటీసీ/బ్యాష్.బ్యాష్‌ఆర్‌సీ. అయితే దానిలోనే వరుసలన్నీ రాయవద్దు. /ఈటీసీలో మీ సొంత ఫైల్‌ను ఒకదాన్ని పెట్టి, దానిని సోర్స్ చేసే ఒక్క వరుస మాత్రం అక్కడ చేర్చండి. బ్యాష్ ప్యాకేజీ నవీకరణ వచ్చినప్పుడు ఆ ఫైల్‌ను మార్చాలా వద్దా అని వ్యవస్థ మిమ్మల్ని అడిగితే, ఒక్క వరుసను తిరిగి చేర్చడం సులభం. వినియోగదారుని .బ్యాష్‌ఆర్‌సీ దాని తరువాత చదవబడుతుంది కనుక, ఎవరైనా అదే పేరుతో తమ సొంత అలియాస్‌ను రాసుకుంటే వారిదే చెల్లుతుంది.

వ్యక్తిగతమైనవాటికి ఉబుంటు, డెబియన్‌లు ముందే ఒక తావు చూపించాయి. వాటితో వచ్చే .బ్యాష్‌ఆర్‌సీలో, హోం డైరెక్టరీలో .బ్యాష్_అలియాసెస్ అనే ఫైల్ ఉంటే దానిని చదవమని చెప్పే వరుసలు ఉంటాయి. ఫైల్ మాత్రం మనమే సృష్టించుకోవాలి. దీనిని /ఈటీసీ/స్కెల్‌లో పెడితే కొత్తగా సృష్టించే ఖాతాలకు ఒక నకలు వెళ్తుంది కాని, ఇప్పటికే ఉన్న ఖాతాలకు వెళ్లదు.

#3 డిండి (దేవరకొండ)

రెండో సందేహానికి సమాధానం చిన్నదే. సోర్స్ అనే ఆదేశం ఫైల్‌లో ఉన్న వరుసలను ఇప్పుడున్న షెల్‌లో నడిపిస్తుంది, అంతే. ఫైల్‌లో లేని వరుస గురించి దానికి తెలియదు కనుక, పాత అలియాస్‌ను తీసివేయదు. 'అన్‌అలియాస్ బీకే' అని కొట్టండి, లేదా 'ఎగ్జెక్ బ్యాష్' అని కొడితే పాత షెల్ స్థానంలో కొత్త షెల్ వచ్చి ఫైళ్లను మొదటి నుంచి చదువుకుంటుంది. ప్రస్తుతం ఏమేమి అమలులో ఉన్నాయో చూడాలంటే 'అలియాస్' అని ఒంటరిగా కొట్టండి.

ఒక పేరు అసలు ఏమిటో తెలుసుకోవడానికి 'విచ్' వాడేవారు మా దగ్గర ఎక్కువ. డెబియన్, ఉబుంటులలో అది షెల్‌కు వెలుపలి ప్రోగ్రాం కనుక అలియాస్‌లు దానికి కనిపించవు. 'టైప్ -ఏ బీకే' అని అడిగితే ఆ పేరుతో ఉన్న అలియాస్, ఫంక్షన్, డిస్క్ మీది ప్రోగ్రాం, అన్నింటినీ షెల్ వాటి ప్రాధాన్య క్రమంలో చూపిస్తుంది.

#4 కోయిల్‌సాగర్ (మహబూబ్‌నగర్)

క్రాన్ విషయం మిగిలింది. క్రాన్ తన పనులను /బిన్/ఎస్‌హెచ్ ద్వారా నడుపుతుంది. ఉబుంటులో ఆ పేరు వెనుక ఉన్నది 2006 నాటి 6.10 విడుదల నుంచీ బ్యాష్ కాదు, డ్యాష్ అనే మరో షెల్. అది మీ .బ్యాష్‌ఆర్‌సీని తెరిచి కూడా చూడదు. పోనీ బ్యాష్ స్క్రిప్టులోనే రాద్దామంటే, మనిషితో సంభాషించని షెల్‌లో బ్యాష్ అలియాస్‌లను విస్తరించదు. 'షాప్ట్ -ఎస్ ఎక్స్‌పాండ్_అలియాసెస్' అనే వరుసతో బలవంతంగా విస్తరింపజేయవచ్చు కాని, నేను ఆ సలహా ఇవ్వను. రాత్రి నడిచే పని ఎవరి హోం డైరెక్టరీ మీదా ఆధారపడకూడదు. 'బీకే' చేసే పనిని పూర్తి ఆదేశాలతో ఒక స్క్రిప్టుగా రాసి /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌లో పెట్టి, నడిచే అనుమతి ఇచ్చి, క్రాన్‌లో దాని పూర్తి మార్గాన్ని రాయండి. అప్పుడు చేతితో కొట్టినా, క్రాన్ పిలిచినా, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరం నుంచి పిలిచినా ఒకే ఫైల్ నడుస్తుంది, 'బీకే' అనే అలియాస్ అవసరమే ఉండదు.

#5 మిల్లు_కాంటా (మిర్యాలగూడ)

చర్చ మధ్యలో ప్రవేశిస్తున్నందుకు మన్నించండి, నాదీ ఇదే కోవకు చెందిన సమస్య. మా రైస్ మిల్లులో వేబ్రిడ్జి దగ్గరి కంప్యూటర్ లైనక్స్ మీద నడుస్తుంది. ఏ రోజు తూకాలు ఆ రోజు తేదీ పేరున్న డైరెక్టరీలో చేరతాయి. ఆ డైరెక్టరీలోకి వెళ్లడానికి నేను ఇలా రాసుకున్నాను:

అలియాస్ టుడే="సీడీ ~/కాంటా/$(డేట్ +%ఎఫ్)"

పగటిపూట బాగానే ఉంటుంది. యాసంగి వడ్లు దిగే రోజుల్లో కాంటా తెల్లవార్లూ నడుస్తుంది, టెర్మినల్‌ను ఎవరూ మూయరు. అర్ధరాత్రి దాటాక 'టుడే' అని కొడితే నిన్నటి డైరెక్టరీలోకే తీసుకువెళ్తోంది.

రెండోది, తూకాల ఫైల్‌ను పెన్ డ్రైవ్‌లోకి నకలు చేయడానికి రాసినది:

అలియాస్ పెన్='సీపీ $1 /మీడియా/పెన్‌డ్రైవ్'

దీనికి ఫైల్ పేరు ఇస్తే, డైరెక్టరీని వదిలివేస్తున్నానని ఏదో చెప్పి ఆగిపోతోంది. నేను ఇచ్చినది ఫైల్ కదా, డైరెక్టరీ అని ఎందుకు అంటోంది?

#6 పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

మిల్లు_కాంటా గారూ, మొదటిదానిలో తప్పు జంట ఉల్లేఖన చిహ్నాలది. జంట చిహ్నాల మధ్య ఉన్న డాలర్ గుర్తును షెల్ అలియాస్‌ను నిర్వచించే క్షణంలోనే విప్పి, ఆ నాటి తేదీని అక్షరాలుగా అందులో అతికించేస్తుంది. టెర్మినల్ తెరిచిన రోజు తేదీ అలియాస్‌లో గడ్డకట్టుకుపోయింది. ఒంటి చిహ్నాల మధ్య పెడితే డాలర్ గుర్తు అలాగే ఉండిపోయి, మీరు 'టుడే' అని కొట్టిన ప్రతిసారీ అప్పటి తేదీ లెక్కించబడుతుంది. 'అలియాస్ టుడే' అని కొట్టి చూడండి. అందులో డేట్ అనే మాటకు బదులు తేదీయే కనిపిస్తే ఇదే జబ్బు.

రెండోది మరింత ఆసక్తికరమైనది. బ్యాష్ అలియాస్ ఆర్గ్యుమెంట్లను (పేరు తరువాత మనం ఇచ్చే మాటలను) స్వీకరించదు. అది పేరును చెరిపి, ఆ చోట మీరు రాసిపెట్టిన పాఠాన్ని అతికించి ఊరుకుంటుంది, మీరు పేరు తరువాత కొట్టినవన్నీ ఆ పాఠం చివర యథాతథంగా మిగులుతాయి. టెర్మినల్‌లో $1 (మొదటి ఆర్గ్యుమెంటు) విలువ మామూలుగా శూన్యం. కనుక మీరు 'పెన్ తూకం.సీఎస్‌వీ' అని కొడితే షెల్‌కు కనిపించేది 'సీపీ /మీడియా/పెన్‌డ్రైవ్ తూకం.సీఎస్‌వీ'. అంటే పెన్ డ్రైవ్‌ను మీ తూకాల ఫైల్ మీదికి నకలు చేయమని తలకిందులుగా అడుగుతున్నారు. సీపీకి -ఆర్ (డైరెక్టరీని లోపలి వాటితో సహా నకలు చేయమనేది) ఇవ్వలేదు కాబట్టి అది డైరెక్టరీని వదిలివేసి ఊరుకుంది. ఆ స్థానంలో ఒక ఫైల్ ఉండి ఉంటే మీ తూకాలు చెరిగిపోయేవి.

ఆర్గ్యుమెంటు మధ్యలో రావలసిన చోట ఫంక్షన్ రాయాలి. ముందుగా 'అన్‌అలియాస్ పెన్' అని పాతదాన్ని తొలగించి, .బ్యాష్‌ఆర్‌సీలో ఇలా రాయండి:

పెన్() { సీపీ -వీ -- "$@" /మీడియా/పెన్‌డ్రైవ్/ && సింక్; }

పాత అలియాస్‌ను తొలగించకుండా అదే పేరుతో ఫంక్షన్ రాస్తే, నిర్వచనంలోని పేరును కూడా షెల్ అలియాస్‌గా భావించి విస్తరించి, వ్యాకరణ దోషం ఉందంటుంది. చివరి సింక్, రాతలన్నీ డిస్క్‌కు చేరేదాకా ఆగుతుంది. కాంటా దగ్గర పెన్ డ్రైవ్‌ను లాగేసుకుని వెళ్లే లారీ గుమస్తాలు ఉంటారు కనుక చేర్చాను.

బ్యాష్ మాన్యువల్ కూడా దాదాపు ప్రతి అవసరానికీ అలియాస్ కంటే ఫంక్షన్ మేలని చెబుతుంది. బిల్ జాయ్ బర్కిలీలో రాసిన సీ షెల్‌లో అలియాస్ ఆర్గ్యుమెంట్లను తీసుకోగలదు, ఆశ్చర్యార్థక చిహ్నంతో రాసే పద్ధతి ఒకటి ఉంది. ఆ పాత పాఠాలు ఇంటర్నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి, బ్యాష్‌లో వాటిని ప్రయత్నించకండి.

#7 మూసీగట్టు (సూర్యాపేట)

పానగల్లు గారికి ఒక సూచన. ఉమ్మడి ఫైల్‌లో 'ఆర్‌ఎం' (తొలగించేది), 'సీపీ' (నకలు చేసేది), 'ఎంవీ' (తరలించేది) మూడింటికీ తప్పనిసరిగా -ఐ చేర్చి అలియాస్‌లు పెట్టండి. విద్యార్థులు ఫైల్‌ను తొలగించే ముందు యంత్రం ఒకసారి అడుగుతుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో రూట్ (సర్వాధికారాలున్న నిర్వాహక) ఖాతాకు ఈ మూడూ ముందే ఉంటాయి. అనుభవజ్ఞులు ఆలోచించి పెట్టినదానిని మనం ఎందుకు వదులుకోవాలి?

#8 పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

మూసీగట్టు గారితో నేను ఏకీభవించలేను. 'ఆర్‌ఎం' అనే పేరుకు అడిగి తొలగించే గుణాన్ని అంటగడితే, విద్యార్థి ఆ గుణం ఆదేశానిదే అనుకుంటాడు. ప్రశ్నకు 'వై' కొట్టడం కూడా కొద్దిరోజులకు చేతివాటం అవుతుంది. రేపు ఉద్యోగంలో చేరి, అలియాస్ లేని సర్వర్ మీద 'ఆర్‌ఎం *' అని కొట్టి, ప్రశ్న కోసం ఎదురుచూస్తాడు. ఆ ప్రశ్న రాదు.

అంతకంటే పెద్ద లోపం ఉంది. ఆర్‌ఎంకు -ఐ తరువాత -ఎఫ్ (అడగకుండా తొలగించమనేది) వస్తే చివరిదే చెల్లుతుంది. అలియాస్ పెట్టిన -ఐ ముందు ఉంటుంది, విద్యార్థి కొట్టిన -ఆర్‌ఎఫ్ వెనుక ఉంటుంది. ఏ ఆదేశానికి రక్షణ అత్యవసరమో, సరిగ్గా ఆ ఆదేశం దగ్గరే ఈ రక్షణ మాయమవుతుంది. చిన్న ఫైల్‌ను తీసివేసేటప్పుడు మాత్రం పదేపదే అడుగుతుంది.

ప్రమాదకరమైన ఆదేశం పేరును మార్చకుండా, రక్షణ ఉన్న పనికి కొత్త పేరు పెట్టడం సరైన మార్గం. గ్నోమ్ డెస్క్‌టాప్‌తో వచ్చే 'జీఐఓ ట్రాష్' ఫైల్‌ను చెత్తబుట్టలోకి పంపుతుంది, కావాలంటే తిరిగి తీసుకోవచ్చు. దానికి 'డెల్' అని అలియాస్ పెట్టి విద్యార్థులకు అదే నేర్పండి. ఆ పేరు లేని యంత్రంలో ఆదేశం దొరకలేదని మాత్రమే వస్తుంది, నష్టం జరగదు.

#9 మూసీగట్టు (సూర్యాపేట)

-ఎఫ్ గురించి మీరు చెప్పినది పరీక్షించి చూశాను, నిజమే. అయినా సీపీ, ఎంవీల విషయంలో నా అభిప్రాయం మారలేదు. అక్కడ -ఎఫ్ కొట్టే అలవాటు విద్యార్థులకు లేదు, ఒక పేరున్న ఫైల్ మీద మరొక ఫైల్‌ను పొరపాటున ఎక్కించడమే ల్యాబ్‌లో ఎక్కువగా జరిగేది. ఆ రెండింటికి -ఐ ఉండనివ్వాలి. ఆర్‌ఎంకు కావాలంటే పెద్ద అక్షరంతో రాసే -ఐ వాడవచ్చు. మూడు ఫైళ్లకు మించి తొలగించేటప్పుడో, డైరెక్టరీని లోపలి వాటితో సహా తొలగించేటప్పుడో అది ఒక్కసారి మాత్రమే అడుగుతుంది కనుక విసుగు తక్కువ.

#10 డిండి (దేవరకొండ)

అలియాస్ పెట్టినా దాన్ని దాటుకుని అసలు ఆదేశాన్ని పిలిచే మార్గం విద్యార్థులకు నేర్పాలి. పేరు ముందు బ్యాక్‌స్లాష్ పెడితే ఆ మాట అలియాస్‌గా విస్తరించదు. 'కమాండ్ సీపీ' అని రాస్తే అలియాస్‌తో పాటు ఆ పేరుతో ఉన్న ఫంక్షన్‌ను కూడా దాటిపోతుంది. తెరిచి ఉంచిన టెర్మినల్‌లో పక్కవాడు 'ఎల్‌ఎస్'కు తెరను తుడిచే అలియాస్ పెట్టి పోవడం ప్రతి ల్యాబ్‌లో జరిగే చిలిపి పనే. ఆ పిల్లవాడికి టైప్, బ్యాక్‌స్లాష్ తెలిస్తే మిమ్మల్ని పిలవకుండా తానే బయటపడతాడు.

#11 చేనేత_బాట (నారాయణపేట)

నాకొక కుతూహలం. అలియాస్ పేరునే తెలుగు లిపిలో పెట్టుకోవచ్చా? ఉచ్చారణ కాదు, నిజంగా తెలుగు అక్షరాలతో టెర్మినల్‌లో కొట్టడం. గ్రామాల నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు మొదటి కొన్ని వారాలు సాయంగా ఉంటుందేమోనని అడుగుతున్నాను.

#12 కోయిల్‌సాగర్ (మహబూబ్‌నగర్)

పెట్టుకోవచ్చు. అలియాస్ పేరులో స్లాష్, డాలర్, బ్యాక్‌కోట్, సమాన చిహ్నం, ఉల్లేఖన చిహ్నాలు, ఖాళీ, పైపు వంటి షెల్ ప్రత్యేకాక్షరాలు ఉండకూడదనే తప్ప, తెలుగు అక్షరాలకు అడ్డు లేదు. లొకేల్ (భాష, లిపి అమరిక) యూటీఎఫ్-8 అయి ఉంటే చాలు. 'జాబితా' అనే పేరును తెలుగు లిపిలోనే రాసి ఎల్‌ఎస్‌కు కట్టబెట్టి చూశాను, నడిచింది.

అయితే రెండు అవస్థలు ఉన్నాయి. చాలా టెర్మినళ్లు ఒత్తులను, గుణింతాలను సరిగా కూర్చలేవు. అక్షరాలు విడివిడిగా పడతాయి, కర్సర్ ఒకచోట కనిపిస్తూ మరొకచోట చెరుపుతుంది. రెండోది కంటికి కనిపించని శత్రువు. పొల్లుతో ముగిసే పేరును కొన్ని కీబోర్డులు చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య అక్షరంతో రాస్తాయి, కొన్ని రాయవు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, షెల్‌కు మాత్రం రెండు వేర్వేరు పేర్లు. ఫైల్ ఒక కీబోర్డుతో రాసి, విద్యార్థి మరొక కీబోర్డుతో కొడితే ఆదేశం దొరకదు, కారణం ఎంత చూసినా తెలియదు. 'జాబితా', 'చూపించు', 'వెళ్ళు' వంటి అచ్చుతో ముగిసే పేర్లు ఎంచుకుంటే ఈ బాధ ఉండదు. నా మటుకు నేను పరిచయ పాఠం వరకు వాడి, ఆ తరువాత అసలు ఆదేశాలకు మారుస్తాను. ప్రతి ఆదేశానికీ ఇన్‌పుట్ భాషను మార్చుకోవడం ఎలాగూ చేతికి భారం.

#13 పానగల్లు (నల్లగొండ)

అందరికీ కృతజ్ఞతలు. బీకేను స్క్రిప్టుగా మార్చి క్రాన్‌లో పూర్తి మార్గంతో పెట్టాను, నడుస్తోంది. /ఈటీసీలో ల్యాబ్.అలియాసెస్ అనే ఫైల్‌ను సృష్టించి, బ్యాష్.బ్యాష్‌ఆర్‌సీ నుంచి పిలిపించాను. ప్రొఫైల్.డీలోని పాతవాటిని తీసివేశాను. ఆర్‌ఎంను ముట్టుకోలేదు, 'డెల్' చేర్చాను, సీపీ, ఎంవీలకు మూసీగట్టు గారు చెప్పినట్టు -ఐ పెట్టాను.

ఇంకా రెండు మిగిలాయి. ఒక సహోద్యోగి విండోస్‌లో నోట్‌ప్యాడ్‌తో దిద్ది పంపిన ఫైల్‌ను ఒక యంత్రంలో పెడితే, టెర్మినల్ తెరవగానే '\ఆర్' అనే ఆదేశం దొరకలేదని వస్తోంది. అలాగే విద్యార్థులు కొందరు తమ ల్యాప్‌టాప్‌లలో కాలీ లైనక్స్ పెట్టుకున్నారు, అక్కడ ఈ ఫైల్ అసలు చదవబడటం లేదు.

#14 డిండి (దేవరకొండ)

నోట్‌ప్యాడ్ మామూలుగా ప్రతి వరుస చివర రెండు అక్షరాలు పెడుతుంది, లైనక్స్‌కు ఒక్కటే కావాలి. మిగిలిన ఆ అక్షరాన్నే షెల్ ఆదేశంలో భాగం అనుకుంటోంది. 'సెడ్ -ఐ 's/\r$//'' తో ఫైల్‌ను శుభ్రం చేయండి, లోపలి అక్షరాలను ఇక్కడ ఉన్నట్టుగానే కొట్టండి. వర్డ్‌లోంచి అతికిస్తే వంకర ఉల్లేఖన చిహ్నాలు వస్తాయి, అవి షెల్‌కు చిహ్నాలే కావు. యంత్రాలన్నింటికీ పంపే ముందు 'బ్యాష్ -ఎన్' తో ఒకసారి ఫైల్‌ను చదివించండి, వ్యాకరణ దోషాలుంటే నడపకుండానే చెబుతుంది.

#15 పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

కాలీ 2020.4 విడుదల నుంచి బ్యాష్‌కు బదులు జెడ్‌షెల్ అనే వేరే షెల్‌ను వాడుతోంది, అది చదివేది .జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీని. మామూలు అలియాస్‌ల వాక్యనిర్మాణం రెండింటిలో ఒకటే కనుక మీ ల్యాబ్ ఫైల్‌ను అక్కడి నుంచి కూడా సోర్స్ చేయవచ్చు. 'షాప్ట్' వరుసలు ఏమైనా ఉంటే మాత్రం ఆ ఫైల్‌లోంచి తీసివేయండి, అవి బ్యాష్‌కే చెందినవి. జెడ్‌షెల్‌లో -జీ తో పెట్టే గ్లోబల్ అలియాస్‌లు వరుసలో ఎక్కడ ఉన్నా విస్తరిస్తాయి, అవి బ్యాష్‌లో లేవు కనుక ఉమ్మడి ఫైల్‌లో వద్దు.

#16 మిల్లు_కాంటా (మిర్యాలగూడ)

ఒంటి చిహ్నాలు పెట్టాక 'టుడే' అర్ధరాత్రి దాటినా సరైన చోటికే వెళ్తోంది, 'పెన్' కూడా సరిగా ఉంది. ఇంకొక్కటి. ఫైళ్ల జాబితా చూపే 'ఎల్‌ఎల్' అలియాస్ బాగానే పనిచేస్తుంది కాని, నిర్వాహక అధికారంతో నడిపించే సుడోను ముందు చేర్చి 'సుడో ఎల్‌ఎల్' అంటే ఆదేశం దొరకలేదంటోంది.

#17 కోయిల్‌సాగర్ (మహబూబ్‌నగర్)

షెల్ వరుసలో మొదటి మాటనే అలియాస్ కోసం చూస్తుంది, మీ వరుసలో మొదటి మాట సుడో. సుడోకే ఒక అలియాస్ పెట్టి, దాని పాఠం చివర ఖాళీని వదలండి: అలియాస్ సుడో='సుడో '. పాఠం ఖాళీతో ముగిస్తే తరువాతి మాటను కూడా పరిశీలించాలన్నది బ్యాష్ నియమం. ఫంక్షన్‌లకు ఇది వర్తించదు కనుక 'సుడో పెన్' పనిచేయదు. దానికి సుడో అవసరం పడితే పెన్ డ్రైవ్ మౌంట్ అయిన తీరును సరిచేయండి, ఆ వివరాలు వేరే చర్చలో అడిగితే చెబుతాను.